పాతకాలం ఇంగ్లండ్‌లో రాజుకు బాకీ కట్టినట్టు రుజువేంటి?

రుజువు ఒక కర్రముక్క. 12వ శతాబ్దంలో కౌంటీ వసూళ్లు చూసే షెరీఫ్, ఈస్టర్‌కి కొంత సొమ్ము కట్టి, సెప్టెంబరు చివర వచ్చే మైకేల్మస్ పండగకి పూర్తి లెక్క అప్పజెప్పేవాడు. గళ్ల గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్లలు జరుపుతూ అతని కళ్లముందే కూడికలు, తీసివేతలు చేసేవారు. చదరంగం బల్లలా ఉండే ఆ గళ్ల వల్లే ఖజానా శాఖకు ఎక్స్‌చెకర్ అనే పేరు.

కట్టిన సొమ్ముకి రసీదుగా కర్ర మీద గాట్లు పెట్టేవారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక్క పౌండుకు బార్లీ గింజంత. తర్వాత కర్రను నిలువునా చీల్చి, పెద్ద ముక్క కట్టినవాడికి ఇచ్చి, చిన్నది ఖజానాలో ఉంచుకునేవారు. అసలు తెలివంతా ఇక్కడే ఉంది. ఒకడు దొంగచాటుగా గాటు పెంచినా, రెండు ముక్కలూ కలిపితే ఇట్టే దొరికిపోతాడు. అక్షరం ముక్క రానివాడు కూడా వేలితో తడిమి తన లెక్క సరిచూసుకోవచ్చు.

ఈ పద్ధతి 1826 దాకా నడిచింది. 1834లో ఆ పాత కర్రల్ని పార్లమెంటు భవనం పొయ్యిల్లో తగలబెడితే, భవనమే చాలావరకు కాలిపోయింది.