సర్టిఫికేషన్ రిటైర్ అయిందని ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: సార్, నాకు 31 ఏళ్ళు, హైదరాబాద్‌లో డేటా ఇంజనీర్‌ని. టేక్‌హోమ్ 88 వేలు, ఖర్చులు 55 వేలు, ఊళ్ళో అమ్మానాన్నలకి 15 వేలు, ఎస్ఐపీ 10 వేలు. 2023 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ డీపీ-203 (డేటా ఇంజనీర్ సర్టిఫికేషన్ పరీక్ష) పాసయ్యా, 2024లో రెన్యూ కూడా చేశా. ఇప్పుడు దాన్ని రిటైర్ చేసేశారు, నాది 2025 నవంబర్ వరకే. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మైక్రోసాఫ్ట్ కొత్త పరీక్ష డీపీ-700కి కోర్సు 72 వేలు, నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. ఎఫ్‌డీలో లక్షా 80 వేలున్నాయి. మా ఆవిడకి ఐదో నెల. ఈఎంఐ పెట్టుకోనా, ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: రెండూ వద్దండి.

ముందు ఆ ఎఫ్‌డీ సంగతి. లక్షా 80 వేలంటే మీ ఇంటికి గట్టిగా మూడు నెలల ఖర్చు, అంతే. పైగా డెలివరీ వస్తోంది, కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకుంటారు కానీ చాలా గ్రూప్ పాలసీల్లో మెటర్నిటీకి ఒక లిమిట్ పెడతారు, అది దాటితే మిగతాది మన జేబులోంచే, కాబట్టి ఈ వారమే హెచ్ఆర్‌ని అడిగి ఆ లిమిట్ ఎంతో కనుక్కోండి. అది తెలిసేదాకా ఎఫ్‌డీ మీద చెయ్యి వెయ్యొద్దు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి "మొత్తం ఒకేసారి కట్టేస్తా, ఎంతకిస్తారు" అని అడిగి చూడండి. 64 వేలకి దిగారనుకోండి, అంటే అసలు రేటు 64 వేలే, మీరు నెలకి 6 వేల చొప్పున 12 నెలలు కట్టేది 72 వేలు. ఆ 8 వేలు వడ్డీయే, అసలు నెలనెలా తగ్గుతూ వస్తుంది కాబట్టి లెక్కేస్తే ఏడాదికి దాదాపు 22 శాతం పడుతుంది! ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఉంటే అది వేరే. ఇంకో మాట, ఆ లోన్ ఇచ్చేది ఇన్‌స్టిట్యూట్ కాదు, వెనకాల ఉన్న ఫైనాన్స్ కంపెనీ, అది మీ పాన్ మీద పడుతుంది. క్లాసులు మధ్యలో ఆగిపోయినా ఈఎంఐ ఆగదు, కట్టకపోతే సిబిల్ దెబ్బతింటుంది, రేపు హోమ్ లోన్‌కి వెళ్ళినప్పుడు తెలుస్తుంది ఆ బాధ.

అసలు భయం ఎంతవరకు నిజం? డీపీ-203ని 2025 మార్చి 31న ఆపేశారు. మీ రెన్యూవల్ విండో గడువుకి ఆరు నెలల ముందు, అంటే మేలో తెరుచుకోవాలి, అప్పటికే సర్టిఫికేషన్ లేదు, అందుకే మీకు ఛాన్స్ దొరకలేదు, మీ తప్పేం లేదు. కానీ పాసైన రికార్డు ఎక్కడికీ పోదు, మైక్రోసాఫ్ట్ ఇచ్చే ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉంటుంది, రెజ్యూమేలో 2023–2025 అని రాసుకోండి చాలు. 2021 జనవరిలో మైక్రోసాఫ్ట్ వాళ్ళదే పాత సర్టిఫికేషన్ ఎంసీఎస్ఈని ఆపేసినప్పుడూ ఇదే గోల, ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ ఉద్యోగాలేం ఊడిపోలేదు. (మా ఫైనాన్స్ సలహాదారులకుండే నా ఎన్‌ఐఎస్‌ఎం సర్టిఫికెట్ కూడా మూడేళ్ళకోసారి రెన్యూ చేయించుకోవాల్సిందే, చేయకపోతే నాకూ ఇబ్బందే, కాబట్టి మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది.)

డీపీ-700 రాయొద్దు అనట్లేదు, రాయండి. మీరు రోజూ స్పార్క్, ఎస్‌క్యూఎల్ పని చేసేవాళ్ళే, కొత్తగా నేర్చుకోవాల్సింది ఎక్కువగా ఫాబ్రిక్, అంటే మైక్రోసాఫ్ట్ వాళ్ళ డేటా ప్లాట్‌ఫామ్. దానికి మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో పాఠాలు ఫ్రీ, ప్రాక్టీస్ అసెస్‌మెంట్ ఫ్రీ, ఫాబ్రిక్ ట్రయల్ 60 రోజులు ఫ్రీ. పాసయ్యాక ఏటా రెన్యూవల్ కూడా ఫ్రీయే. డబ్బు పెట్టాల్సింది ఎగ్జామ్ ఫీజుకి మాత్రమే, అది పదివేలు కూడా దాటదు. మీ కంపెనీ మైక్రోసాఫ్ట్ పార్ట్‌నర్ అయితే ఎగ్జామ్ ఫీజుకి వోచర్ దొరకొచ్చు, మేనేజర్‌ని అడగండి, చాలా చోట్ల పాసయ్యాక రీయింబర్స్ కూడా చేస్తారు, కాకపోతే ఇన్ని నెలలు కంపెనీలో ఉండాలనే కండిషన్ ఉందేమో చదివి సంతకం పెట్టండి. ఏదీ దొరక్కపోతే ఒక్క నెల ఎస్ఐపీ పాజ్ చేయండి, ఫీజు వచ్చేస్తుంది. ఆ తర్వాత నెల నుంచి మళ్ళీ మొదలవ్వాలి, "ఇంకో నెల చూద్దాం" అంటే అంతే సంగతులు, ఇది నేను ఎంతమందిలో చూశానో.

రెండు నెలలు సొంతంగా చదివాక ప్రాక్టీస్ టెస్టులో మార్కులు రావట్లేదంటే అప్పుడు కోచింగ్ ఆలోచిద్దాం, అదీ డెలివరీ అయ్యాక, చేతిలో డబ్బుతో. ఈలోపు ఇన్‌స్టిట్యూట్ నుంచి "ఆఫర్ ఈరోజే ఆఖరు సార్" అని ఫోనొస్తే, లోన్ తాలూకు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ (లోన్ వివరాలన్నీ ఉండే కాగితం) వాట్సాప్‌లో పంపమనండి, దాంట్లో ఏపీఆర్ అని ఒక నంబర్ ఉంటుంది, ఫీజులతో కలిపి ఏడాదికి అసలు పడే వడ్డీ శాతం అదే, అదెంతో నాకూ చెప్పండి.