చెయ్యి బలమా, గురి ముఖ్యమా? ‘గేమ్ అడ్డా’ పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: అన్నా నమస్తే. మాది కూకట్‌పల్లి. మేం నలుగురు దోస్తులం కలిసి మ్యాడెన్ అనే అమెరికా ఫుట్‌బాల్ వీడియో గేమ్‌లో ఫ్రాంచైజ్ మోడ్ (సొంత టీమ్‌ని సీజన్ల కొద్దీ నడిపే మోడ్) ఆడుతున్నం. డ్రాఫ్ట్‌లో, అంటే వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకునే దగ్గర, నా వంతు వచ్చేసరికి ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లు (టీమ్‌లో బాల్ విసిరేటోళ్లు) మిగిలిన్రు. ఒకడికి త్రో పవర్ (విసిరే బలం) 97, షార్ట్ యాక్యురసీ (దగ్గరి త్రోల గురి) 77, అవేర్‌నెస్ 62. ఇంకొకడికి త్రో పవర్ 86, షార్ట్ యాక్యురసీ 90, అవేర్‌నెస్ 74. దోస్తులంతా 97 వాణ్ని తీస్కోరా అన్నరు, తీస్కున్న. నేను కంట్రోలర్ పట్టుకుంటే ఎట్లనో గెలుస్తున్న గానీ ఆఫీస్ పనిలో పడి మ్యాచ్‌లు సిమ్ చేస్తే (కంప్యూటర్‌కి వదిలేస్తే) వరసగా ఓడిపోతున్న, ఇంటర్‌సెప్షన్ల మీద ఇంటర్‌సెప్షన్లు, మావోడు విసిరిన బాల్ ఎదుటోళ్లే పట్టుకుంటున్నరు. అసలు క్వార్టర్‌బ్యాక్‌లో ఏ నంబర్ చూడాలె?

జవాబు: తమ్ముడూ, సగం జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. నువ్వు ఆడితే గెలుస్తున్నవ్, కంప్యూటర్ ఆడితే ఓడుతున్నవ్. అంటే తేడా వాని చేతిలో లేదు, తలకాయలో ఉంది. అవేర్‌నెస్ అంటే ఎదుటి డిఫెన్స్ ఏం పన్నాగం పన్నిందో పసిగట్టుడు, ఎవడు ఖాళీగా ఉన్నడో చూసుడు, వెయ్యకూడని బాల్ వెయ్యకుండా ఆపుకునుడు. కంట్రోలర్ నీ చేతిలో ఉన్నంతసేపు ఈ పనంతా నీ కళ్లు చేస్తున్నయ్, వాని 62తో దాదాపు పనే పడుతలేదు. సిమ్ నొక్కంగనే నువ్వు పక్కకు జరిగినవ్, వాడు ఆ 62 తలకాయతోటి ఒక్కడే గ్రౌండ్‌లో మిగిలిండు. ఇంకేమైతది మరి.

అందుకే ఏ నంబర్ ముఖ్యం అని ఎవరన్నా అడిగితే నేను ముందు, ఆడేది నువ్వా కంప్యూటరా అని అడుగుత. 1998లో వచ్చిన ఫ్రంట్ ఆఫీస్ ఫుట్‌బాల్ లాంటి టెక్స్ట్ సిమ్‌లు ఉన్నయ్, వాటిలో బాల్ విసిరే బటనే ఉండదు, నువ్వు టీమ్ నడిపే మేనేజర్‌వి మాత్రమే, అట్లాంటి చోట డిఫెన్స్‌ని చదివే తెలివి చూడకుండా క్వార్టర్‌బ్యాక్‌ని తెచ్చుకుంటే సీజనంతా తల పట్టుకొని కూసోవాలె. నువ్వే ఆడేదైతే అవేర్‌నెస్‌ని కిందికి నెట్టెయ్, ఫికర్ లేదు.

రెండు రకాల్లోనూ పైన ఉండాల్సింది మాత్రం గురి. షార్ట్ యాక్యురసీ, దాని వెంటనే మీడియం. చిన్నప్పుడు మా గల్లీలో ఒకాయన ఇంట్లో మామిడిచెట్టు ఉండేది, మాలో ఒకడు రాయి విసిరితే చెట్టు దాటి, గోడ దాటి, అవతల రేకుల మీద పడి ధడేల్‌మనేది, అందరం పరుగో పరుగు. ఇంకొకడు బక్కోడు, చెయ్యి బలం ఏం లేదు, కానీ తొడిమె చూసి కొట్టేటోడు. కాయలు తిన్నది వాని పుణ్యాన, తిట్లు తిన్నది మొదటోని పుణ్యాన. నువ్వు తీసుకున్నది ఆ మొదటోణ్ని.

లెక్క కూడా అదే చెప్తది. అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు వేసే బాల్స్‌లో సగం కన్నా ఎక్కువ పది గజాల లోపలే పడుతయ్. నాలుగు డౌన్లలో (ప్రయత్నాలలో) పది గజాలు పోతే చాలు కదా, మళ్లా నాలుగు డౌన్లు చేతికొస్తయ్, ఇంక ప్రతిసారి యాభై గజాలు ఎందుకు విసురుతరు చెప్పు. హైలైట్స్‌లో మాత్రం ఆ యాభై గజాలదే చూపిస్తరు, మనం దాన్ని చూసి డ్రాఫ్ట్ చేస్తం. నేల విడిచి సాము అంటరు చూడు, అదే.

అట్లని త్రో పవర్ దండగ అంటలేను. పవర్ ఎక్కువుంటే బాల్ ఎక్కువ దూరం పోతది, అంతకన్నా ముఖ్యంగా తొందరగా పోతది, సైడ్‌లైన్ దగ్గరికి అడ్డంగా విసిరే అవుట్ రూట్లకు అది కావాలె, బాల్ గాలిలో తేలుకుంట పోతే డిఫెండర్ వచ్చి ఎత్తుకుపోతడు. కానీ నా అనుభవంలో పవర్ అనేది పాస్ మార్కుల లాంటిది. నీ ప్లేబుక్‌కి (నువ్వు వాడే ఎత్తుల జాబితాకి) సరిపడా ఉంటే అయిపోయింది, ఆ పైన వచ్చే పది పాయింట్లు దోస్తులకు చూపించుకోనీకే పనికొస్తయ్. గురి అట్ల కాదు, 90 నుంచి 93కి పోయినా మ్యాచ్‌లో కనబడుతది.

నిజం ఆటలోనూ గిదే కథ. 2007 డ్రాఫ్ట్‌లో క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రసెల్‌ని అందరికన్నా ముందు, మొదటి పిక్‌గా రైడర్స్ టీమ్ తీసుకున్నరు, చెయ్యంటే అట్లాంటిట్లాంటి చెయ్యి కాదు. మూడు సీజన్లు ఆడిండు, 18 టచ్‌డౌన్ పాస్‌లు (స్కోర్ తెచ్చినవి), 23 ఇంటర్‌సెప్షన్లు, అంతటితో ఇంటికి. 2000లో టామ్ బ్రేడీని 199వ పిక్‌లో తీసుకున్నరు, 40 గజాలు పరుగెత్తనీకే 5.28 సెకన్లు పట్టిన మనిషి, ఏడు సూపర్ బౌల్స్ (లీగ్ ఫైనల్స్) గెలిచిండు. మన హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్తగా చెప్పాల్నా, వికెట్ల మధ్య లక్ష్మణ్ ఏ రోజన్నా గుర్రంలా ఉరికిండా? 2001లో ఈడెన్‌లో 281 కొట్టింది మణికట్టుతోటి, టైమింగ్‌తోటి.

ఇక్కడ నువ్వు క్వార్టర్‌బ్యాక్ జోష్ ఆలెన్ సంగతేంది అని అడుగుతవని తెలుసు. నిజమే, 2018లో ఏడో పిక్‌గా వచ్చినప్పుడు ఆలెన్‌కి చెయ్యి ఉంది, గురి లేదు. మొదటి ఏడాది కంప్లీషన్ (మనోళ్ల చేతికి చేరిన పాస్‌లు) 52.8 శాతం. 2020కి వచ్చేసరికి 69.2. అట్ల ఎదిగేటోళ్లు ఉంటరు, అందుకే గేమ్‌లో డెవలప్‌మెంట్ ట్రెయిట్ అని పెట్టిన్రు, ఆటగాడు ఎంత తొందరగా ఎదుగుతడో చెప్పేది అదే. నీ 97 వాని ట్రెయిట్ స్టార్ కన్నా పైన ఉంటే వాణ్ని అమ్మకు, ఆడితే వచ్చిన ఎక్స్‌పీ పాయింట్లన్నీ గురి పెంచే వైపే పొయ్యి, బలం పెంచే వైపు చూడనే చూడకు. నార్మల్ అని ఉంటే మాత్రం మీ దోస్తుల్లో 97 చూసి నోరూరుతున్న ఎవనికన్నా అంటగట్టెయ్, పాపం తగలదు.

ఇంకోటి, ఎవడు బాగా ఆడుతున్నడో తెలియనీకే మొత్తం గజాలు చూడకు, మోసం చేస్తయ్. నేనొక లెక్క వాడుత, నేను కనిపెట్టిందేం కాదు, ఫుట్‌బాల్ లెక్కలు చూసేటోళ్లందరూ వాడేదే. పాసింగ్ గజాలకు ఒక్కో టచ్‌డౌన్‌కి 20 కలుపు, ఒక్కో ఇంటర్‌సెప్షన్‌కి 45 తీసెయ్, శాక్‌లలో (బాల్ విసిరేలోపే ఎదుటోళ్లు కింద పడేసినప్పుడు) పోయిన గజాలు తీసెయ్, వచ్చినదాన్ని మొత్తం త్రోలు ప్లస్ శాక్‌లతో భాగించు. ఉదాహరణకు ఒకడు 30 త్రోల్లో 240 గజాలు, 2 టచ్‌డౌన్లు, 1 ఇంటర్‌సెప్షన్, 2 శాక్‌లలో 14 గజాలు పోగొట్టిండు అనుకో, 6.9 వస్తది. ఇంకొకడు 28 త్రోల్లో 265 గజాలు, 2 టచ్‌డౌన్లు, కానీ 3 ఇంటర్‌సెప్షన్లు, 4 శాక్‌లలో 30 గజాలు లాస్. వానికి 4.4 కూడా రాదు. స్కోర్‌బోర్డ్ చూసినోడు రెండోవాడే హీరో అంటడు.

చివరగా త్రో అండర్ ప్రెషర్. మీ ఆఫెన్సివ్ లైన్ (క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే వరస) గట్టిగా ఉంటే దీన్ని పట్టించుకోకు, లైన్ జల్లెడలా ఉంటే యాక్యురసీ తర్వాత చూడాల్సింది ఇదే. ఎందుకంటే మీదికి మనిషి ఉరికొస్తుంటే నీ 90 గురి 90 లాగ పనిచెయ్యదు.

ప్రశ్న: సార్, మాది ఉప్పల్. నేనైతే స్పీడ్ ఎక్కువున్న క్వార్టర్‌బ్యాక్‌నే తీసుకుంట, ఎవ్వరూ ఖాళీగా లేకుంటే నేనే ఉరుకుత, మస్తు మజా వస్తది. ఇది తప్పా?

జవాబు: తప్పేంది, గేమ్ ఆడేదే మజా కోసం. 2019లో లమార్ జాక్సన్ 1206 గజాలు ఉరికి క్వార్టర్‌బ్యాక్‌లలో రికార్డు కొట్టిండు. కానీ అదే ఏడాది 36 టచ్‌డౌన్ పాస్‌లు వేసి లీగ్‌లో అందరికన్నా పైన ఉన్నడని కూడా చూడు, ఉరుకుడు ఒక్కటే అయితే ఎంవీపీ (ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) ఇయ్యరు. నువ్వు ఉరికే రకమైతే స్పీడ్ పక్కన త్రో ఆన్ ద రన్ కూడా చూడు, లేకుంటే పక్కకు ఉరికి విసిరిన బాల్ ప్రేక్షకులకు పోతది. స్లైడ్ బటన్ (దెబ్బ తగలకుండా కిందికి జారే బటన్) మర్చిపోకు బాబూ, రెండు గజాల కోసం లైన్‌బ్యాకర్ అనే డిఫెండర్ మీదికి పోయి నా క్వార్టర్‌బ్యాక్‌ని ఆరు వారాలు ఇంజూరీ లిస్ట్‌లో పెట్టించుకున్న అనుభవం నాకుంది. వయసు మీద పడ్డప్పుడు ముందుగా పొయ్యేది కూడా కాళ్లే, అందుకే ముప్పై దాటిన స్పీడ్‌గానికి పెద్ద కాంట్రాక్ట్ ఇయ్యకు.

ప్రశ్న: నమస్కారమండీ, మాది ఈసీఐఎల్. మావారు ఆదివారం రాత్రి పదిన్నరకి టీవీ ముందు కూర్చుని అమెరికా ఫుట్‌బాల్ చూస్తారు, మిగతా రోజులు అదే గేమ్ ఆడతారు. ‘వేసెయ్‌రా, వేసెయ్‌రా’ అని ఒకటే అరుపులు. అసలు ఈ క్వార్టర్‌బ్యాక్ ఎవరండీ, ఏం వెయ్యాలి?

జవాబు: అక్కా, గ్రౌండ్‌లో ఒక్కో టీమ్‌కి పదకొండు మంది, అందులో దాదాపు ప్రతి ఎత్తూ మొదలయ్యేది క్వార్టర్‌బ్యాక్ చేతిలో. బాల్ చేతికొచ్చినాక వానికి ఉండేది రెండున్నర, మూడు సెకన్లు, ఆలోపు ముందుకు పరిగెత్తే తన మనుషుల్లో ఒకరికి విసరాలె, లేకుంటే ఎదుటోళ్లు వచ్చి కింద పడేస్తరు. దాన్నే శాక్ అంటరు. బావగారు వేసెయ్‌రా అనేది ఆ మూడు సెకన్ల టెన్షన్ అన్నమాట. నవంబర్‌లో అమెరికా వాళ్లు గడియారం వెనక్కి జరుపుతరు, అప్పటి నుంచి అదే మ్యాచ్ మనకు పదకొండున్నరకు మొదలైతది, సోమవారం పొద్దున ఆయన లేవకపోతే కారణం అదే. రాత్రికి ఫ్లాస్క్‌లో చాయ్ పోసిపెట్టి మీరు తలుపేసుకొని పడుకోండి.