‘నాలో ఇంకేం లేదమ్మా’ అంటున్న సీరియల్ నటుడి తల్లికి

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయికి 28 ఏళ్లు. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివి హైదరాబాద్ వెళ్లాడు. అయిదేళ్లుగా సీరియల్స్ చేస్తున్నాడు, నెలకి పదిహేను రోజుల దాకా షూటింగ్ ఉంటుంది. ఈ మధ్య ఇంటికొస్తే ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా అడిగితే ‘చేసిందే చేస్తున్నా, నాలో ఇంకేం లేదమ్మా’ అంటున్నాడు. వాళ్ల నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. ఇంకా వయసుంది కదా, మానిపించి బ్యాంక్ కోచింగ్‌లో చేర్పించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, అయిదేళ్లుగా నెలకి పదిహేను రోజులు పని దొరుకుతోందంటే మీవాడు ఆ లైన్‌లో నిలబడినట్టే. నా దగ్గరికి నటన అంటూ వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఆ మొదటి పదిహేను రోజుల కోసమే ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారు. మీవాడికి పని లేక కాదు ఈ బాధ, ఉన్న పని అలాంటిది కాబట్టి.

డైలీ సీరియల్ షూటింగ్ ఎలా ఉంటుందో ఒక్కసారి చెప్తాను. పొద్దున్నే మేకప్ వేసుకుని కూర్చుంటే సీన్ పేపర్ అప్పటికప్పుడు చేతికొస్తుంది, చాలాసార్లు డైలాగ్ నోటికి పట్టించుకునే టైం కూడా ఉండదు, పక్కనుంచి ప్రాంప్టింగ్ అందుతుంటే విని చెప్పేయడమే, ఆ తర్వాత ఒక్కొక్కరి ముఖం మీద రియాక్షన్ షాట్లు, కోపం, అనుమానం, షాక్, మళ్లీ కోపం. రోజంతా అతను చూసేది ఎవర్ని? తనలాగే షాక్ తింటున్న మిగతా నటుల్ని. రూముకొచ్చి ఫోన్ తెరిస్తే అక్కడా నటులే. జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీస్తూ పోతే అక్షరం మసకేస్తుంది కదా, అదీ సంగతి. లోపల సరుకు అయిపోవడం నిజమే, కానీ అది ఎవరికైనా అయిపోయేదే. కొత్త సరుకు దింపుకోవడం మానేశాడు, అంతే. నాట్యశాస్త్రం నటుడికి ప్రమాణంగా చెప్పిన వాటిలో లోకం ఒకటి. ఆ లోకం మీవాడికి అయిదేళ్లుగా కనబడటం లేదు.

ఇంకోటి ఉంది, ఇది నా అనుమానమే గానీ మీరే అతన్ని అడిగి చూడండి. ఇక్కడి నుంచి వెళ్లిన ప్రతి పిల్లాడికీ అక్కడ మొదట చెప్పేది ‘ఆ యాస తీసెయ్’ అని. ‘ఏటి’, ‘ఒలమ్మో’, ‘గుంట’ అన్నీ తీసేసి, ఏ జిల్లాదీ కాని ఓ శుభ్రమైన తెలుగు నేర్చుకుంటారు. ఉద్యోగానికి అది అవసరమే, తప్పని అనను. కానీ మనిషికి నిజంగా కోపం వచ్చినప్పుడు నోట్లోంచి వచ్చేది చిన్నప్పటి మాట. దాన్ని అయిదేళ్లు నొక్కిపెట్టి ఉంచితే దాంతోపాటు ఇంకా చాలా అడుగున పడిపోతాయి. మీరు ఫోన్‌లో ‘తిన్నావా, తర్వాత ప్రాజెక్ట్ ఏంటి’ అని అడగడం తగ్గించి, వీధిలో జరిగిన తగువు ఏదైనా ఉంటే మన భాషలోనే, ఎవరు ఎలా చెయ్యి ఊపారో, ఎవరు మధ్యలో ఏడుపు మొదలెట్టారో అన్నీ చెప్పండి. నవ్వకండి, ఏ వర్క్‌షాప్‌లోనూ ఇది దొరకదు.

ఇక అతను స్వయంగా చేయాల్సింది. షూటింగ్ లేని రోజుల్లో కొన్నింటిని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఇక్కడికి తెచ్చుకోవాలి. తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి వేలం పాట దగ్గర నిలబడమనండి. పాడుతున్నవాడి గొంతు ఎక్కడ లేస్తుంది, కొనాలనుకున్న ఆవిడ కొననట్టు ముఖం ఎలా పెడుతుంది, తడిచేతిని ఎక్కడ తుడుచుకుంటుంది. రాత్రికి ఒక్క పేజీ రాసుకోవాలి, అందులో ‘బాధగా ఉంది’, ‘కోపంగా ఉంది’ లాంటి మాటలు రాయకూడదు, చేతులు, చూపు, నడక మాత్రమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు కట్టేసి ఉంటాయి, అప్పుడైతే ఇంకా మంచిది. పని తెలిసీ పని లేకుండా కూర్చున్న మగవాళ్లు ఎలా ఉంటారో అక్కడ చూడొచ్చు, నటుడికి ఆ ఖాళీ బాగా తెలిసిందే కదా. దసరా తర్వాత వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం. సిరిమాను వైపు కాకుండా, దాన్ని చూస్తున్న జనం ముఖాలు చూడమనండి. మన ఉత్తరాంధ్ర వీధి నాటకం తూర్పు భాగోతం ఎక్కడైనా పడుతోందని తెలిస్తే తెల్లవార్లూ కూర్చోమనండి. మగవాడు సత్యభామ వేసి మద్దెలకి ఎదురు నిలబడటం చూస్తే రియాక్షన్ షాట్ మీద కాస్త గౌరవం కూడా పెరగొచ్చు.

ఏడాదికి ఒక్క నాటకమైనా వేయాలి, డబ్బు రాకపోయినా. పాత థియేటర్ ఆర్ట్స్ స్నేహితులు నలుగురు కలిస్తే చాలు, రిహార్సల్‌కి ఎవరి మేడైనా సరిపోతుంది. చేసిందే చేస్తున్నానన్న అతని మాటకి జవాబు కూడా స్టేజీ మీదే ఉంది. జె.వి. రమణమూర్తి గారు ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని ఏళ్ల తరబడి వేశారు, అవే డైలాగులు. పాత్ర మారదు, ఎదుటివాడూ ప్రేక్షకుడూ మారతారు. సెట్‌లోనూ ఇది పనికొస్తుంది. ప్రతి సీన్ పేపర్ మీద ‘ఎదుటి మనిషి నుంచి నాకేం కావాలి’ అని ఒక్క ముక్క రాసుకుని దిగితే, నాలుగు వందోసారి నటించే కోపానికైనా ఓ కొత్త కారణం దొరుకుతుంది. రోజూ దొరకదు. వారానికి ఒక్కసారి దొరికినా చాలు.

బ్యాంక్ కోచింగ్ సంగతి. మీ ఆయన భయాన్ని నేను కొట్టిపారేయను, ఈ లైన్‌లో సీరియల్ ఎప్పుడు ఆగుతుందో ఎవరికీ తెలీదు. రమణమూర్తి గారి అన్నగారు జె.వి. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టర్‌గా పనిచేశారు, నాటకాలు వేస్తూనే ఉన్నారు, 1980లో ‘శంకరాభరణం’ వచ్చేనాటికి ఆయనకి యాభై దాటాయి. ఉద్యోగం నటుణ్ని చంపేస్తుందన్న రూలేమీ లేదు. కానీ ఇప్పుడు ‘నీ వల్ల కాలేదు, వచ్చేయ్’ అన్నట్టు కోచింగ్‌లో కూర్చోబెడితే చదువూ ఎక్కదు. ఒక ఏడాది ఆగండి. ఈలోగా ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు విడిగా దాచమనండి, ఇది మాత్రం మొహమాటం లేకుండా అడగండి. చేతిలో ఆ డబ్బుంటే నచ్చని పాత్ర వచ్చినప్పుడు వద్దనగలడు.

ఒక్క విషయం మాత్రం విడిగా చూడండి. నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, షూటింగ్ లేని రోజుల్లోనూ ఏదీ పట్టనట్టు ఉండటం వారాల తరబడి సాగుతుంటే అది నటన సమస్య కాదు, డాక్టర్‌కి చూపించాలి. ప్రభుత్వ టెలి మానస్ 14416 నంబరుకి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేం తీసుకోరు.

ఈసారి వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పకండి. పొద్దున్నే చేతికి సంచి ఇచ్చి పూర్ణా మార్కెట్‌కి మీతో తీసుకెళ్లండి, బేరం మాత్రం అతన్నే ఆడనివ్వండి, ఓ ఇరవై రూపాయలు ఎక్కువ పోయినా మీరు మధ్యలో దూరకండి.