ఆంధ్రాలో పెద్దవాళ్ళలో క్యాన్సర్ ఎంతమందికి వస్తోంది? మా అమ్మమ్మ విషయం చెబుతాను

దేశం మొత్తానికి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) అంచనా ఉంది: 2022లో సుమారు 14.6 లక్షల కొత్త కేసులు, జీవితకాలంలో తొమ్మిది మందిలో ఒకరికి వచ్చే అవకాశం. ఆంధ్రాకి విడిగా అడిగితే మాత్రం ఏ అంకె చెప్పినా నేను నమ్మను. 2020 జాతీయ క్యాన్సర్ నివేదికలో 28 రిజిస్ట్రీల (ప్రాంతాలవారీగా కేసులు నమోదు చేసే కేంద్రాల) లెక్కలుంటే, తెలుగువాళ్ళ ప్రాంతం నుంచి హైదరాబాద్ జిల్లా ఒక్కటే ఉంది. శ్రీకాకుళం పల్లెలో ఎవరికి వచ్చిందో అందులో ఎక్కడ దొరుకుతుంది?

మాది శ్రీకాకుళం వైపు. మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది, అంటే చుట్ట వెలుగుతున్న కొన నోట్లోకి పెట్టుకుని. ఊళ్ళో ఆ వయసు ఆడవాళ్ళు చాలామంది అంతే. కూర కారంగా ఉందని, మండుతోందని ఒకటే గొడవ. ఊరి ఆర్ఎంపీ నోరు తెరిపించకుండానే వేడి చేసిందని బి కాంప్లెక్స్ బిళ్ళలిచ్చాడు. అవి నెలల తరబడి మింగింది. చివరికి పళ్ళ డాక్టరుకి చూపిస్తే ఆయన టార్చి వేసి, అంగిలి చూసి, కాసేపు మాట్లాడలేదు. "చుట్ట ఎలా తాగుతావమ్మా?" అని అడిగారు. అమ్మమ్మ సిగ్గుపడి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకేటైంది బాబూ, పొక్కేగా" అంది. ముక్క పరీక్షకి విశాఖ పంపారు. క్యాన్సరే.

అన్నిటికంటే నాకు మండేది ఇదే. తీరాంధ్రలో అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని డాక్టర్లు 1957లోనే రాశారు. అయినా మా ఊళ్ళో ఏ ఆడమనిషినీ "చుట్ట తాగుతావా" అని అడిగినవాళ్ళు లేరు. సినిమా హాల్లో చూపించే పొగాకు వ్యతిరేక ప్రకటనల్లో ఎక్కువగా మగవాళ్ళే. చుట్టాలైతే మరీ ఘోరం. "పేరెత్తకండి, ఆవిడకి చెప్పకండి, పెళ్ళి సంబంధాలు చెడతాయి" అన్నారు. ఇలా దాచిపెట్టిన ఇళ్ళు ఎన్నో, అవన్నీ ఏ లెక్కలోకి వస్తాయి?

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో నోటి పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో నూటికి ఒక్కరు కూడా లేరు. చూడకపోతే తక్కువే కనిపిస్తుంది మరి. నా అనుమానం, మా జిల్లాలో అసలు సంఖ్య కాగితం మీదున్న దానికంటే ఎక్కువే ఉంటుంది.

మీ ఇంట్లో చుట్ట, జర్దా, గుట్కా అలవాటున్నవాళ్ళుంటే ఈ వారమే టార్చి వేసి నోరు చూడండి. తెల్ల మచ్చో ఎర్ర మచ్చో ఉన్నా, మూడు వారాలైనా మానని పుండున్నా బిళ్ళలతో కాలయాపన చేయకండి. నేరుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ విభాగానికి తీసుకెళ్ళండి.