నీళ్లలో మునిగినవాళ్లను ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించాలా?

వద్దు, పొట్ట అసలు నొక్కకూడదు; ఊపిరి ఆడకపోతే వెంటనే నోట్లోకి ఊపిరి ఊది, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

మునిగినవాళ్ల ప్రాణం తీసేది పొట్టలోని నీళ్లు కాదు, మెదడుకీ గుండెకీ ఆక్సిజన్ అందకపోవడం. పొట్ట నొక్కితే అందులోని నీళ్లు, తిన్న అన్నం గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారతాయి. పైగా ఒక్కో నిమిషం ఎంతో విలువైన సమయంలో ఆలస్యం.

మైపాడు బీచ్‌లోనో కొత్తపట్నంలోనో అలలకు కొట్టుకుపోయిన కుర్రాణ్ణి ఒడ్డుకు లాగారనుకుందాం. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు అతన్ని గట్టి ఇసుక మీద వెల్లకిలా పడుకోబెట్టి, పిలిచి చూసి, ఛాతీ కదులుతోందా అని పది సెకన్లకు మించకుండా గమనించాలి. కదలకపోతే తల వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, ఛాతీ లేచేలా రెండుసార్లు ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో రెండు చేతులతో కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, మళ్లీ రెండుసార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఇదే వరస. నోట్లోంచి నురగ వస్తుంటే తుడుస్తూ కూర్చోవద్దు. వాంతి అయితే మాత్రం పక్కకు తిప్పి, నోరు శుభ్రం చేసి కొనసాగించాలి.

తలకిందులుగా వేలాడదీస్తే, భుజాన వేసుకుని తిప్పితే నీళ్లు కక్కి బతుకుతారని చాలామంది నమ్ముతారు. అలా బయటికొచ్చేవి ఎక్కువగా పొట్టలోవే, దానివల్ల ఊపిరి తిరిగి రాదు. తేరుకుని లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కొన్ని గంటల తర్వాత కూడా ఆయాసం ముదరొచ్చు.