ఎయిర్ రైఫిల్ క్లాసులో పెల్లెట్ తగిలింది, మాన్పించాలా?

అక్కా, కడపలో మీ అబ్బాయి నేర్చుకునే చోట పక్క పిల్లాడి ఎయిర్ రైఫిల్ పేలి పెల్లెట్ (సీసపు గుండు) మీవాడి పాదంలో దిగింది, క్లాసు మాన్పించాలా అని అడిగారు కదా. ముందు పాదం సంగతి చూడండి. పైకి చిన్న రంధ్రమే కనిపించినా సీసపు గుండు లోతుగా దిగి ఉండొచ్చు. ఇంట్లో సూదితో కెలకొద్దు. ఎక్స్‌రే తీయించండి, టీటీ ఇంజెక్షన్ అవసరమేమో డాక్టర్‌నే అడగండి.

ఆ పెల్లెట్ 4.5 మిల్లీమీటర్లదే, బరువు అర గ్రాము. కానీ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వస్తుంది. "గాలి తుపాకీ కదా, ఏమవుతుందిలే" అనేవాళ్ల మాట వినకండి, కంటికి తగిలితే చూపు పోవచ్చు.

మాన్పించే ముందు ఒక రోజు వెళ్లి వెనక కూర్చుని చూడండి. కాల్చనప్పుడు ప్రతి రైఫిల్ గొట్టంలో రంగు తీగ ఉండాలి. లోపల పెల్లెట్ లేదని చెప్పే గుర్తు అది, దాన్నే సేఫ్టీ ఫ్లాగ్ అంటారు. అంతర్జాతీయ పోటీల్లో తప్పనిసరి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి, గురి పెట్టేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. లోడ్ చేసిన రైఫిల్‌తో వెనక్కి తిరిగి ఫ్రెండ్‌తో మాట్లాడటం, సెల్ఫీ దిగడం... పాదానికి తగిలిందంటే నాకు అనుమానం అక్కడే.

కోచ్ "పిల్లలన్నాక మామూలే" అంటే వెంటనే మాన్పించండి. తప్పు ఎక్కడ జరిగిందో చెప్పి, పద్ధతి మారిస్తే కొనసాగించొచ్చు. పెల్లెట్లు సీసంవి కాబట్టి తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోమనండి.