ప్రతిపదార్థమా, ప్రతి పదార్థమా?

సందేహం: నక్షత్రనౌక కథ రాస్తూ యాంటీమాటర్‌ను ‘ప్రతిపదార్థం’ అన్నాను. చదివిన మిత్రుడు “పద్యానికి రాసేది కదా అది?” అని నవ్వాడు. నా వాక్యం ఇది: “ఇంజిన్‌లో ఒక గ్రాము ప్రతి పదార్థం మండి నౌక కదిలింది.” ఇది సరైనదేనా? ఎగ్జాటిక్ మాటర్‌ను ఏమనాలి?

సమాధానం: మీ మిత్రుడు నవ్వడంలో తప్పు లేదు. పరీక్షలో రాసే ప్రతిపదార్థం ‘ప్రతిపద + అర్థం’, సవర్ణదీర్ఘ సంధి. మీరు ఉద్దేశించినది ‘ప్రతి + పదార్థం’. విడదీస్తే వేరు, కలిపి పలికితే ఒకటే. పైగా మీరు మధ్యలో ఖాళీ వదిలారు కాబట్టి అది ‘ప్రతి ఒక్క పదార్థం’ అయి కూర్చుంది. ఏది పోసినా నడిచే నౌక అన్నమాట!

అయితే ఉపసర్గను మాత్రం సరిగ్గా ఎంచుకున్నారు. ప్రతిదినంలోని ‘ప్రతి’ వేరు. ప్రతిబింబం, ప్రతినాయకుడు అన్నప్పటి ‘ప్రతి’ వేరు. ప్రతినాయకుడు పరాక్రమంలో నాయకుడికి తీసిపోడు, నిలిచేది మాత్రం ఎదురుగా. ప్రోటాన్‌కు ప్రతిప్రోటాన్ అలాంటిదే: ద్రవ్యరాశి అంతే, విద్యుదావేశం మాత్రం ఋణం. కొందరు రాసే ‘వ్యతిరేక పదార్థం’ నాకు నచ్చదు. ఆ మాట వినగానే బరువు కూడా తలకిందులై, వదిలితే పైకి పోతుందేమో అనిపిస్తుంది. ప్రతికణాలతో తయారైన ప్రతిహైడ్రోజన్ కిందికే పడుతుందని యూరప్ కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్‌లోని ఆల్ఫా ప్రయోగం 2023లో చూపింది.

నా సలహా ‘ప్రతిద్రవ్యం’. తర్కశాస్త్రంలో పదార్థాలు ఏడు. ద్రవ్యం వాటిలో ఒకటి, ఏమీ లేకపోవడమనే అభావం కూడా ఒకటే! అందుకే ఇక్కడ పదార్థం కంటే ద్రవ్యమే నప్పుతుంది. ద్రవ్యం అంటే డబ్బనే అర్థం ఉన్నా, ద్రవ్యరాశి, ద్రవ్యవేగం అని బడిలో చదువుకున్నవారికి తికమక ఉండదు.

ఇక ‘మండి’. ఇంధనం అన్న మాట ‘ఇంధ్’ ధాతువు నుంచి వచ్చింది, మండించడమని అర్థం. సమిధ కూడా ఆ ధాతువు బిడ్డే. మనకు అచ్చతెలుగులో వంటచెరకు ఉంది. అణు ఇంధనం అంటూ అర్థాన్ని ఇప్పటికే విస్తరించుకున్నాం కనుక ప్రతిద్రవ్యాన్నీ ఇంధనం అనవచ్చు. కానీ అది మండదు. పెట్రోలు మండితే పరమాణువులు కొత్తగా జతకడతాయి, ద్రవ్యరాశి దాదాపు అంతే ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి (సంలీనమై) హీలియం అయినా శక్తిగా మారేది 0.7 శాతమే. ప్రతిద్రవ్యం ద్రవ్యాన్ని తాకితే రెండూ పూర్తిగా పోతాయి. దీన్ని ‘పరస్పర వినాశం’ అనండి. ఒక గ్రాముకు మరో గ్రాము కలిస్తే సుమారు 5 కోట్ల యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి, అంటే దాదాపు 50 లక్షల లీటర్ల పెట్రోలు మంట!

ఆ శక్తి అంతా నౌకకు దక్కదు. ప్రోటాన్, ప్రతిప్రోటాన్ కలిస్తే పయాన్లనే అల్పాయుష్షు కణాలు పుడతాయి. ఆవేశం లేనివి క్షణంలో గామా కిరణాలైపోతాయి. వాటిని అయస్కాంతం వంచలేదు. ఆవేశమున్నవాటినే అయస్కాంత క్షేత్రంతో వెనక్కి మళ్లించి నౌకను ముందుకు నెట్టాలి.

‘ట్యాంకు’ అనే మాట కూడా వద్దు. గోడను తాకితే చాలు, అక్కడే వినాశం. శూన్యంలో, అయస్కాంత క్షేత్రం మధ్య తేలుతూ ఉండాలి కాబట్టి ‘అయస్కాంత బోను’ అనండి. బోనుకు కరెంటు పోవడమే కథలో ప్రమాదం. ఇంకొకటి: ప్రతిద్రవ్యం గనిలో దొరకదు. ఇచ్చేదానికంటే ఎక్కువ శక్తి పోసి తయారుచేయాలి. అందుకే మీ నౌకలో ఉన్నది శక్తి ‘వనరు’ కాదు, శక్తి ‘నిల్వ’.

ఎగ్జాటిక్ మాటర్ సంగతి వేరు. 1994లో భౌతికశాస్త్రవేత్త అల్కుబియెర్రే ప్రతిపాదించిన, కాంతిని మించి సాగే వార్ప్ నౌకకు కావలసింది ఋణ శక్తిసాంద్రత, అంటే శూన్యం కంటే తక్కువ శక్తి ఉన్న పదార్థం. అది ఇంజిన్‌కు పోసేది కాదు, స్థలకాలాన్ని వంచడానికి నౌక చుట్టూ పరచవలసింది. ‘విచిత్ర పదార్థం’ అంటే స్ట్రేంజ్ క్వార్కులనే మూలకణాలున్న వేరే పదార్థం పేరుతో కలిసిపోతుంది. ‘ఋణశక్తి ద్రవ్యం’ అనండి, గుణం కూడా పేరులోనే తెలుస్తుంది.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: “బోనులోంచి వదిలిన ఒక గ్రాము ప్రతిద్రవ్యం గ్రాము హైడ్రోజన్‌తో పరస్పర వినాశం చెందింది, వెనక్కి దూసుకుపోయిన పయాన్లు నౌకను ముందుకు నెట్టాయి.”